ముత్తాత హోటల్ ఎవరి కాగితాల్లో ఉంది?

"మా ముత్తాత తర్లుపాడు స్టేషన్ కాడ హోటల్ పెట్టినాడంట." ఇలాంటి మాట ఇంట్లో పెద్దవాళ్లు చెప్తారు, పిల్లలు వింటారు, అక్కడితో ఆగిపోతుంది. ఏ ఏడాది పెట్టాడు? సొంత ఇంట్లోనా, బాడుగ కొట్టులోనా? ఎందుకు మూసేశాడు? అడిగితే జవాబు రాదు. కొన్ని ఇళ్లలో అది కాఫీ హోటల్ కాదు, పూటకూళ్ల ఇల్లు. ఇంకొన్ని ఇళ్లలో కల్లంగడి, సారాయి అంగడి. మార్కాపురం వైపు వెళితే శ్రీశైలం పోయే యాత్రికుల సత్రం. ఏదైనా సరే, ఊరుగాని ఊరు వచ్చినవాళ్లకు తిండో, తాగేదో, తల దాచుకునే చోటో ఇచ్చిన ఇల్లు అది. దాని చరిత్రను వెతకవచ్చు. ఎక్కడ వెతకాలో తెలిస్తే మనం అనుకున్నదానికంటే ఎక్కువే దొరుకుతుంది.

ఇంగ్లండులో బ్రైటన్ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లో ముత్తాత పబ్ నడిపాడని తెలిసినవాళ్లకు ఈ పని కాస్త సులువు. అక్కడ కల్లుపాకలాంటి చిన్న బీరు కొట్టుకు కూడా న్యాయాధికారి దగ్గర లైసెన్సు ఉండాలని 1552లోనే చట్టం చేశారు. లైసెన్సు ఎవరికి ఇచ్చారో పుస్తకాల్లో రాశారు. కెల్లీ డైరెక్టరీల వంటివి ఊరి వ్యాపారుల పేర్లు అచ్చు వేశాయి. 1841 నుంచి జనాభా లెక్కల కాగితాల్లో ఇంటి యజమాని, భార్య, పిల్లలు, పనివాళ్లు, ఆ రాత్రి ఆ హోటల్లో పడుకున్న బాటసారుల పేర్లతో సహా ఉంటాయి. నూరేళ్లు దాటాక వాటిని జనానికి చూపిస్తారు. 1921 లెక్కలు 2022 జనవరిలో బయటికి వచ్చాయి. అన్నిటికీ మించి పబ్‌కు ఒక పేరు, తలుపు మీద ఒక బోర్డు ఉంటాయి. యజమానులు మారినా పేరు చాలాసార్లు అలాగే నిలుస్తుంది. ఆ పేరు పట్టుకుని వెనక్కి నడవవచ్చు.

మనకు ఆ దారి లేదు. మన జనాభా లెక్కల్లో మనుషుల పేర్లున్న కాగితాలను ఎవరికీ చూపరు. 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ అందుకు ఒప్పుకోదు. పల్లె హోటల్‌కు బోర్డు తక్కువ. స్టేషన్ హోటల్, సత్రం కాడి హోటల్, ఫలానా అయ్యగారి హోటల్, ఫలానా రెడ్డి హోటల్ అని జనం నోట నడిచేది. మనిషి పోయాక ఆ పేరూ పోయేది. మద్రాసు రాజధానిలో ఏటేటా అచ్చయిన అసైలం ప్రెస్ డైరెక్టరీ పెద్ద పట్నాల వర్తకుల కోసం పుట్టింది. తర్లుపాడు కాఫీ కొట్టును అందులో వెతకడం దండగ.

మరి ఎక్కడ? నా మట్టుకు నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ముత్తాత హోటల్ ఆయన సొంత కాగితాల్లో దొరకడం అరుదు. పక్కింటివాళ్ల దస్తావేజుల్లో, అప్పిచ్చినవాళ్ల నోట్లలో, పన్ను వేసిన ఆఫీసు లెక్కల్లో, తాగి తిని పోయినవాళ్ల జ్ఞాపకాల్లో దొరుకుతుంది. వెతకడం అక్కడ మొదలుపెట్టాలి.

అంతకంటే ముందు ఒక సంగతి సరిచూసుకోవాలి: మీరు వెతికే ఏడాదికి ఊరు ఏ జిల్లాలో ఉంది? మార్కాపురం దగ్గరి తర్లుపాడు ఎక్కడికీ కదలలేదు గాని దాని మీది అధికారం కదిలింది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక మార్కాపురం, కంభం తాలూకాలు కడప జిల్లా కింద ఉండేవి. 1858లో కర్నూలుకు కలెక్టరు వచ్చినప్పుడు ఈ రెండూ కర్నూలులో కలిశాయి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా, అంటే నూరేళ్లకు పైగా, ఈ ప్రాంతం కర్నూలుదే. ఆ కొత్త జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కాబట్టి 1930ల నాటి హోటల్ కోసం ఒంగోలు కలెక్టరేటులో అడిగి, "లేదు" అనిపించుకుని తిరిగి రావడంలో అర్థం లేదు. కర్నూలులో అడగాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ప్రభుత్వం మద్రాసులో ఉంది కనుక పై స్థాయి ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అప్పట్లో దాన్ని మద్రాసు రికార్డు ఆఫీసు అనేవారు. ఇదే కారణంగా ఈ ప్రాంతం గురించి మొదట చదవవలసిన పాత పుస్తకం కూడా కర్నూలు పేరుతోనే ఉంది. నరహరి గోపాలకృష్ణమ సెట్టి రాసిన కర్నూలు జిల్లా మాన్యువల్ 1886లో అచ్చయింది. ఊళ్లు, బాటలు, సత్రాలు, కరువుల సంగతి దాని నుంచి తెలుస్తుంది.

ఇక దస్తావేజులు. ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడుకోవాలి.

పొలం గురించి వెతకాలంటే అడంగల్, డైగ్లాట్, ఎఫ్‌ఎంబీ వంటి రెవెన్యూ రికార్డులు ఉన్నాయి. హోటల్ పొలంలో ఉండదు కదా, ఊరి నడుమ ఉంటుంది. ఊరి నడుమ నేల గ్రామకంఠం. అక్కడి ఇళ్లకు, కొట్లకు విడివిడిగా సర్వే నంబర్లు ఉండేవి కావు, పట్టా ఉండేది కాదు. అందుకే రెవెన్యూ ఆఫీసులో ముత్తాత పేరు దొరకలేదని చాలామంది నిరాశపడి వదిలేస్తారు. వాళ్లు వెళ్లవలసింది సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు. నూరు రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నుంచీ నియమం ఉంది. రిజిస్టరైన ప్రతి దస్తావేజు నకలు ఆఫీసు పుస్తకంలోకి ఎక్కుతుంది. స్థిరాస్తి పత్రాలు ఒకటో పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో. ఒకటో పుస్తకానికి రెండు ఇండెక్సులు: ఒకటి మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి ఉన్న ఊరితో. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఒకటో పుస్తకాన్ని, దాని ఇండెక్సులను రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామా రాసినవారు చనిపోయాక దాని నకలూ అడిగినవాళ్లకు ఇస్తారు. ఈ సంగతి చాలామందికి తెలియదు. కంప్యూటరులో వచ్చే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మామూలుగా 1983 దగ్గర ఆగిపోతుంది. అంతకు ముందువి ఆఫీసు అలమరల్లోని పుస్తకాల్లో చేత్తో వెతకాలి.

చాలామంది పేర్ల ఇండెక్సు చూసి, ముత్తాత పేరు లేదని పుస్తకం మూసేస్తారు. లేకపోవడానికి కారణం ఉంది. హోటల్ కొట్టు బాడుగది అయి ఉంటుంది. ఏడాదికి లోబడిన బాడుగకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నోటిమాట చాలు. నెలనెలా బాడుగ ఇచ్చి ముప్పై ఏళ్లు హోటల్ నడిపినవాడు రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్టు ఎక్కకుండానే బతికి ఉండవచ్చు. అప్పుడు పట్టుకోవలసింది ఊరి ఇండెక్సును. తర్లుపాడు పేరు కింద మీరు వెతికే పాతికేళ్లలో అమ్ముడైన ఇళ్లు, కొట్లు, ఖాళీ స్థలాలు అన్నిటి దస్తావేజులూ తీయించి చెక్కుబందీ చదవాలి. తూర్పు ఫలానావారి ఇల్లు, దక్షిణం బజారు బాట, పడమర ఫలానావారి కాఫీ హోటలు, ఉత్తరం ఫలానావారి దొడ్డి అని రాసి ఉంటుంది. అమ్మినవాడికీ కొన్నవాడికీ మీ ముత్తాతతో ఏ సంబంధమూ లేదు. హద్దు చెప్పడానికి ఆయన పేరు వాడుకున్నారు, అంతే. అయినా ఆ ఒక్క మాటతో హోటల్ ఉన్న చోటు తెలిసింది, ఆ ఏడాదికి అది నడుస్తోందని తెలిసింది. అదే స్థలం పదేళ్ల తర్వాత మళ్లీ చేతులు మారితే కొత్త చెక్కుబందీలో "హోటలు" మాయమై "పాడుబడిన ఇల్లు" అని కనిపించవచ్చు. హోటల్ ఏ రెండు తేదీల నడుమ మూతపడిందో అక్కడ తేలిపోతుంది. పక్కింటి కాగితం ఇంత పని చేస్తుంది.

ఆ పాత పుస్తకాలు చదవడానికి ఓపిక కావాలి. రాత గొలుసుకట్టు, అక్షరం అక్షరాన్ని పట్టుకుని పంక్తి చివరిదాకా పోతుంది. దస్తావేజు లేఖరుల్లో పెద్దవయసువాళ్లు ఇంకా దాన్ని గడగడా చదువుతారు. వాళ్ల సాయం అడగడానికి మొహమాటపడకూడదు. తేదీలు కూడా తికమక పెడతాయి. పన్ను కాగితాల్లో ఫసలీ ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: ఫసలీ 1340 అంటే 1930 జూలై 1 నుంచి 1931 జూన్ 30 వరకు. ఇంటి పద్దుల్లో ప్రభవ, విభవ అని తెలుగు సంవత్సరం ఉంటుంది. అరవై ఏళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది కనుక ప్రభవ అంటే 1867 ఉగాది నుంచా, 1927 నుంచా, 1987 నుంచా అన్నది తక్కిన కాగితాన్ని బట్టి తేల్చుకోవాలి. రూపాయలు, అణాలు, పైసలుగా లెక్క ఉంటే 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందుది అయ్యే అవకాశం ఎక్కువ.

తాలూకా ఊళ్లోని మునసబు కోర్టు దావాలు మరో చోటు. హోటల్ వ్యాపారం సగం అరువు మీద నడిచేది. నోటు రాసిచ్చి బియ్యం తెచ్చేవాళ్లు, నోటు మీద బాకీ రాకపోతే దావా వేసేవాళ్లు. మిగతా కాగితాలు ఎన్ని చింపేసినా తీర్పును, డిక్రీని ఎక్కువ కాలం ఉంచుతారు. వాది, ప్రతివాది పేర్ల పక్కన వాళ్ల వృత్తి, ఊరు రాసి ఉంటాయి. "హోటలు వ్యాపారం" అన్న రెండు మాటలు చాలు.

కల్లంగడి, సారాయి అంగడి అయితే దారి వేరు. ఒక విధంగా అదే తేలిక, ఎందుకంటే సర్కారుకు డబ్బు వచ్చే చోట సర్కారు లెక్క బాగా రాసింది. మద్రాసు అబ్కారీ చట్టం 1886లో వచ్చింది. అంగడి నడిపే హక్కును వేలంపాటలో గుత్తకు ఇచ్చేవారు. పాట తేదీలు, అంగళ్లున్న ఊళ్లు జిల్లా గెజెట్లలో ప్రకటించేవారు. అబ్కారీ శాఖ ఏటా ఒక నివేదిక అచ్చు వేసేది. మద్రాసు రాజధాని నిషేధ చట్టం 1937లో వచ్చింది. మొదట సేలంలో, తర్వాత ఒక్కో జిల్లాలో అమలై, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతా పాకింది. మీ ఇంటి కథలో "అంగడి మూసేసి నాయన ఎద్దులు కొని సేద్యంలోకి దిగినాడు" అన్న మాట ఉంటే, అది ఆ ఏళ్లలో జరిగిందేమో చూడండి. చాలా కుటుంబాలు ఈ వ్యాపారాన్ని బయటికి చెప్పుకోవు. అబ్కారీ గుత్త తీసుకున్నవాడు చట్టం ఒప్పుకున్న వ్యాపారమే చేశాడు. దాచినందువల్ల పోయేది మన ఇంటి చరిత్రే.

సత్రం కోసం వెతికేవాళ్లకు ఇనాం రిజిస్టర్లు పెద్ద అండ. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషను పెట్టి, తర్వాతి ఏళ్లలో ఊరూరా మాన్యాలను విచారించింది. సత్రానికి, చలివేంద్రానికి, పూలతోటకు ఎవరు ఎప్పుడు ఎంత నేల ఇచ్చారు, విచారణ నాటికి ఎవరి చేతిలో ఉంది, ధర్మం జరుగుతోందా లేదా అన్నది ఒక్కో ఊరికీ రాశారు. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా చెప్పే త్రిపురాంతకం ఈ సీమలోదే. మార్కాపురం చెన్నకేశవస్వామిని దర్శించుకుని దోర్నాల మీదుగా కొండెక్కేవాళ్ల బాట పాతది. ఆ బాట పొడవునా బస ఏర్పాట్లు లేకుండా యాత్ర సాగదు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్ర పుస్తకంలో మజిలీ మజిలీకీ అంగళ్లున్నాయా, సత్రం ఉందా, దిగడానికి తావుందా అని రాసుకున్నారు. ఆయన కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్లారు. తర్లుపాడు ఆయన బాటలో లేదు. అయినా ఆ కాలంలో బాటసారి ఎలా తిన్నాడో, ఎక్కడ పడుకున్నాడో తెలుసుకోవడానికి అంతకంటే మంచి తెలుగు పుస్తకం నేనెరగను. 1884 చట్టంతో వచ్చిన తాలూకా బోర్డులు కొన్ని సత్రాలను, ముసాఫరు బంగళాలను నడిపాయి. ఆ బోర్డులు 1934లో రద్దయి లెక్కలు జిల్లా బోర్డుకు, అక్కడి నుంచి 1959 తర్వాత జిల్లా పరిషత్తుకు పోయాయి.

రైలు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే తర్లుపాడు కాఫీ హోటల్‌కు ప్రాణం పోసింది అదే. 1876–78 ధాత కరువులో కర్నూలు జిల్లా జనం తిండి లేక పిట్టల్లా రాలిపోయారు. గింజలు తెచ్చే దారి లేక ఇంతమంది చచ్చారని తేలాక, కరువు సీమల గుండా రైలు వెయ్యాలని సర్కారు పూనుకుంది. 19వ శతాబ్దం చివరి దశకాల్లో గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, తర్లుపాడు, మార్కాపురం రోడ్డు, దొనకొండ మీదుగా గుంటూరు, బెజవాడల దాకా చిన్న గేజి పట్టాలు పడ్డాయి. నల్లమలలో దొరబావి వంతెన, బొగద సొరంగం ఆ పనిలోవే. పట్టాలు వేసే కూలీల గుడారాల పక్కనే మొదటి తిండి కొట్లు పుట్టి ఉంటాయన్నది నా ఊహ. ఊహేనని గుర్తుపెట్టుకోండి. ఈ లైనును నడిపినవాళ్లు కూడా మారుతూ వచ్చారు: సదరన్ మరాఠా రైల్వే, 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1951లో దక్షిణ రైల్వే, ఆ తర్వాత దక్షిణ మధ్య రైల్వే, 2003లో అందులో ఏర్పడిన గుంటూరు డివిజను. స్టేషను లోపల టీ, ఫలహారం అమ్మేవాడికి రైల్వే లైసెన్సు ఉండాలి. ముత్తాత కొట్టు స్టేషను కంచె లోపలా, బయటా అన్నది మొదట తేల్చుకోవాలి. లోపలైతే రైల్వే కాగితాల్లో వెతకాలి, బయటైతే పంచాయతీ కాగితాల్లో. 1990ల్లో పెద్ద గేజి వేసినప్పుడు స్టేషన్ల చుట్టుపక్కల చాలా మారింది, కనుక ఇప్పుడు కళ్లకు కనిపించేదాన్ని బట్టి పాత కొట్టు చోటు నిర్ణయించకూడదు.

పంచాయతీలో ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు అడగండి. కరణం, మునసబు ఉద్యోగాలు 1984 జనవరిలో రద్దయినప్పుడు ఊరి లెక్కలు చేతులు మారాయి. పాత కరణం ఇంటి పెట్టెల్లో ఇంకా ఏమైనా ఉన్నాయేమో మర్యాదగా కనుక్కోవడంలో తప్పు లేదు. 1939లో మద్రాసు అమ్మకపు పన్ను చట్టం వచ్చాక ఒక మోస్తరు హోటళ్లకు కూడా పన్ను నోటీసులు వచ్చేవి. అందులో ఏడాది మొత్తం వ్యాపారం ఎంతో అంకెల్లో ఉంటుంది. అలాంటి ఒక్క కాగితం ఇంట్లో దొరికితే జాగ్రత్తగా దాచండి.

ఇంటి మాట వచ్చింది కనుక: అటక మీది ఇత్తడి గుండిగలు, కాఫీ డబరాలు, పెద్ద పళ్లేలు దించి అడుగు తిప్పి చూడండి. మన ఇళ్లలో గిన్నెల మీద పేరు కొట్టించే అలవాటు ఉంది. కొందరు పేరుతో పాటు ఊరు, తేదీ కొట్టించారు. చిట్టా, ఆవర్జా పుస్తకాలు మిగిలితే అదృష్టమే. ఎవరు ఎంత అరువు తిన్నారో, పాలు ఎవరు పోశారో, మార్కాపురం పలక గనులకు వచ్చిన మేస్త్రీలు ఎంతమంది నెల భోజనం కట్టుకున్నారో దాంతో తెలుస్తుంది. పత్రికల్లో పల్లె హోటల్ ప్రకటన దొరకడం కష్టం గాని ఊరి వార్తల్లో, విరాళాల జాబితాల్లో పేరు రావచ్చు. ఆంధ్రపత్రిక దినపత్రిక 1914లో మొదలైంది. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టిన గ్రంథాలయం. పాత పత్రికలను అపురూపంగా దాచింది. ఈ పని మీద తిరిగేవాళ్లు ఒక్కసారైనా అక్కడికి పోవాలి.

చివరగా మనుషులు. నిజానికి అన్నిటికంటే ముందు చేయవలసింది ఇదే, ఎందుకంటే కాగితాలు ఇంకో పదేళ్లు ఆగుతాయి, ఎనభై దాటిన అవ్వ ఆగదు. "హోటల్ ఎప్పుడు పెట్టారవ్వా?" అంటే ఆమె ఏడాది చెప్పలేదు. "నీ పెళ్లికి ముందా తర్వాతా? రజాకార్ల గొడవ నాటికి ఉందా? మన జిల్లా మారిన నాటికి ఉందా? దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎవరు నడుపుతుండిరి?" అని అడిగితే సరిగ్గా చెప్తుంది. ఆ గుర్తులకు 1948, 1970, 1977 అని మనం ఏడాదులు వేసుకోవచ్చు. పొయ్యి దగ్గర ఎవరు కూర్చున్నారని కూడా అడగండి. కాగితాల్లో ఎక్కువగా మగవాళ్ల పేర్లే ఉంటాయి. పూటకూళ్ల ఇల్లంటే చాలాచోట్ల భర్త పోయిన ఒక ఆడమనిషి తన చేతివంటతో పిల్లల్ని పెంచుకున్న కథ. ఆమె పేరు ఏ ఇండెక్సులోనూ ఉండకపోవచ్చు. వంటకాల్లో, తిన్నవాళ్ల మాటల్లో ఉంటుంది.

ఇంకొక ఇంటికి కూడా పోవాలి. చాలామంది పోరు. ఆ కాలపు హోటళ్లలో బల్లలు కులాన్ని బట్టి ఉండేవి. మాలపల్లె, మాదిగపల్లె నుంచి వచ్చినవాళ్లు బయటే నిలబడి తాగారు, తాము తాగిన గ్లాసు తామే కడిగి పెట్టారు. హోటల్లోకి రానివ్వకపోవడాన్ని 1955 అస్పృశ్యతా నేరాల చట్టం నేరం చేసింది. గ్లాసులు మాత్రం ఆ తర్వాత కూడా చాలాచోట్ల వేరుగానే ఉన్నాయి. మన ముత్తాత హోటల్లో ఎలా ఉండేదో మన ఇంట్లో ఎవరూ చెప్పరు. ఆ పల్లెల్లోని పెద్దాయన చెప్తాడు. గుమ్మం ఎక్కడుందో, బయట అరుగు ఎంత ఎత్తో, గ్లాసులు ఏ కొక్కేనికి వేలాడేవో ఆయనకు మనకంటే బాగా గుర్తుంటుంది, ఎందుకంటే ఆయన రోజూ నిలబడి చూశాడు. ఆయన చెప్పింది వినడానికి బాధగా ఉన్నా, చెక్కుబందీ పక్కన, పన్ను నోటీసు పక్కన దాన్నీ రాసుకోవాలి. ఎవరు చెప్పారు, ఏ తేదీన, ఏ ఊళ్లో అన్నది కింద రాసి, ఆయనకు చదివి వినిపించి, పేరు వేయవచ్చా అని అడిగి, ఒప్పుకుంటేనే వేయాలి.